క్రొత్త గీతము ఎవరిది?

చదువవలసిన లేఖన భాగములు: కీర్తనలు 40; యెహెజ్కేలు 33:30–33; హెబ్రీయులకు 2:10–13



క్రొత్త సంవత్సరము వచ్చుసరికి మన తెలుగు క్రైస్తవ గృహములకు రెండు వస్తువులు తప్పక చేరుచుండును. ఒకటి వాక్యములతోకూడిన గోడ క్యాలెండరు, రెండవది ఎవరో ఒక సువార్త గాయకుని క్రొత్త పాటల ఆల్బము. ఒకప్పుడు అది గ్రామఫోను రికార్డుగా వచ్చెను. తరువాత క్యాసెట్టుగాను, సీడీగాను వచ్చెను. నేడు అది నేరుగా చేతిలోని ఫోనులోనికే దిగుచున్నది. విడుదల సభ, గాయకుని ఛాయాచిత్రము, వాద్యకారుల పేర్లు, ఇవన్నియు మనకు అలవాటైనవి. పెద్దలలో కొందరు దీనిని చూచి విసుగుకొందురు, యౌవనస్థులు సంతోషింతురు. విసుగుగాని సంతోషముగాని పరిశీలనకు బదులుగా నిలువజాలదు. సువార్త గాయకుడనగా ఎవరు, అతడు విడుదల చేయు క్రొత్త గీతము ఎవరి సొత్తు అని లేఖనములను అడిగి తెలిసికొనుట మన విధి. భిలాయి తెలుగువారిని తలంచినప్పుడు ఈ ప్రశ్న నాకు మిక్కిలి బరువుగా తోచుచున్నది గనుక అక్కడనుండియే మొదలుపెట్టుచున్నాను.

భిలాయి ఉక్కు కర్మాగారము 1955లో సోవియట్ రష్యాతో కుదిరిన ఒడంబడిక ఫలము. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు అక్కడి మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. దల్లీ రాజహరా గనులనుండి ఇనుపరాయి వచ్చును. మన రైళ్లు పరుగెత్తు పట్టాలలో అధికభాగము అక్కడ తయారై బయలుదేరును. అప్పుడు ఆ ప్రాంతము మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లా. 2000 నవంబరు 1న అది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో చేరెను. కర్మాగారము కట్టబడుచున్న దినములనుండియు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములవారు పార్వతీపురము, రాయగడ మీదుగా రాయపూరు వెళ్లు రైలెక్కి పనికై అక్కడికి చేరిరి. కొందరు కూలివారుగాను, కొందరు పనిముట్లెరిగిన కార్మికులుగాను, కొందరు గుమాస్తాలుగాను కుదిరిరి. వారిలో మన సంఘములవారును ఉండిరి. సెక్టార్లుగా విభజింపబడిన ఆ పట్టణములో వారు క్వార్టర్లలోనే కుటుంబ ప్రార్థనలు జరుపుకొని, తమ పాటలను తమతోకూడ ఉంచుకొనిరి.

ఇప్పుడు అక్కడ మూడవ తరము, నాలుగవ తరము పెరుగుచున్నది. ఆ బిడ్డలు ఇంటిలో తెలుగు మాటలాడుదురు, బడిలో హిందీయు ఇంగ్లీషును చదువుదురు. తెలుగు అక్షరములు ఎరిగినవారు తక్కువ. భిలాయిలో ఒక కుటుంబ ప్రార్థనలో నేను ఒక బాలిక చేతిలోని నోటుపుస్తకమును చూచితిని. అందులో తెలుగు కీర్తనలన్నియు నాగరి లిపిలో వ్రాసియుండెను. ళకారము ఉండవలసిన కొన్నిచోట్ల లకారము పడియుండెను. అరసున్నల సంగతి చెప్పనక్కరలేదు. అయినను ఆ పిల్ల ఐదు చరణములను తప్పులేక పాడెను. ఆమె తెలుగు బైబిలు తెరువలేదు, తెరచినను చదువలేదు. కావున ఆమె నోట నిలిచిన ఆ పాటలే ఆమెకు తెలుగు బైబిలు. ఆ పాటలలో ఏమి ఉన్నదో అదియే ఆమె తన తల్లి భాషలో దేవునిగూర్చి ఎరిగినది. ఆ పాటలలో లేనిది ఆమె తల్లి భాషలో లేనేలేదు. ఒక గాయకుడు హైదరాబాదులోనో విజయవాడలోనో స్టూడియోలో కూర్చుండి పది పాటలు ఎన్నుకొనునప్పుడు, తాను ఎవరి బైబిలును కూర్చుచున్నాడో అతనికి తెలియునా?

ఇక కీర్తన 40 చూతము. మొదటి మూడు వచనములు మనలో అనేకులకు కంఠస్థములే. కీర్తనకారుడు ఓపికతో యెహోవాకొరకు కనిపెట్టెను. ఆయన చెవియొగ్గి, నాశనకరమైన గోతినుండియు జిగటమంటినుండియు అతనిని లేవనెత్తి, అతని పాదములను బండమీద నిలిపెను. అటుపిమ్మట అతని నోట ఒక క్రొత్త గీతమును పెట్టెను. హెబ్రీ మూలములో ఈ మాటల కూర్పు గమనింపదగినది. పాట ఉంచబడినది 'నా నోట'. అది స్తోత్రముగా చెల్లునది 'మన దేవునికి'. గోతిలో పడినవాడు ఒక్కడు, లేవనెత్తబడినవాడు ఒక్కడు, పాడు నోరును ఒక్కటియే. అయినను పాట ఆ నోటిని దాటిన క్షణముననే 'నా' అను మాట పోయి 'మన' అను మాట వచ్చినది. పైన వ్రాయబడిన శీర్షిక చూడుడి, దావీదు ఈ కీర్తనను ప్రధానగాయకునికి అప్పగించినాడు. ఇట్టి శీర్షికగల కీర్తనలు మన గ్రంథములో 55 కలవు. అనగా రాజు తన గోతి అనుభవమును తనయొద్ద దాచుకొనలేదు. అతడు దానిని గాయకబృందమునకు ఇచ్చివేసెను. లేవీయులు దానిని తమదిగా పాడిరి, సమాజము దానిని తనదిగా పాడెను.

భాషాంతరము చేయువానికి ఈ వచనములో మరియొక చిక్కు కలదు. పాటను జనులు వినవలెను గదా? కీర్తనకారుడు అట్లు చెప్పలేదు. అనేకులు దానిని 'చూచి' భయపడుదురు, యెహోవాయందు నమ్మికయుంచుదురు అనెను. హెబ్రీ భాషలో 'చూచుట', 'భయపడుట' అను ఈ రెండు క్రియలు చెవికి ఇంచుమించు ఒకటిగానే వినబడును, కావున ఇది కవి కావలెనని చేసిన శబ్దచమత్కారము. తెలుగులో ఆ ధ్వని పట్టుబడదు. ఏ అనువాదకునికిని పట్టుబడలేదు. భావము మాత్రము పట్టుబడును. గోతినుండి బయటికి తీయబడిన మనుష్యుని చూచినప్పుడే అతని పాట నమ్మదగినదగును. గాయకుని జీవితము కనబడనిచోట అతని కంఠము ఎంత మధురమైనను అది సగము పాటయే.

యెహెజ్కేలు కాలములో ఇందుకు విరోధమైనది జరిగెను. జనులు ప్రవక్తయొద్దకు గుంపుగా వచ్చి కూర్చుండి ఆలకించిరి. అతడు వారికి మంచి స్వరముతో వాద్యము మీటుచు ప్రేమగీతము పాడువానివలె కనబడెను. విని మెచ్చుకొనిరి గాని చేయలేదు. ఇందులో ప్రవక్త తప్పు లేదు. అయినను అతని సేవ శ్రోతల చేతులలో వినోదముగా మారిపోయెను. సువార్త గాయకుడు ప్రతి రాత్రి మోకరించినప్పుడు తలంచుకొనవలసిన భాగమిది. చప్పట్లు ఎన్ని మ్రోగెనను లెక్క దేవునియొద్ద లేదు.

గాయకవృత్తినిగూర్చి లేఖనములు చెప్పు సంగతులు మనవారికి అంతగా పరిచయము లేవు. మొదటి దినవృత్తాంతముల 25వ అధ్యాయములో ఆసాపు, హేమాను, యెదూతూను అనువారి సంతతివారు సితారాలతోను స్వరమండలములతోను తాళములతోను ప్రవచించుటకు నియమింపబడిరి. పాడుటకు అనక ప్రవచించుటకు అని వ్రాయబడెను. వారి లెక్క 288. వారు 24 వంతులుగా, వంతుకు పన్నిద్దరు చొప్పున ఏర్పడిరి. వంతులకై చీట్లు వేసినప్పుడు పిన్న పెద్ద అనిగాని, గురువు శిష్యుడు అనిగాని భేదము చూపలేదు. అదే గ్రంథములో 9:33లో గాయకులు రాత్రింబగళ్లు పనిలో ఉండుటచేత వారికి వేరు పనులు లేకుండెనని యున్నది. మూడు షిఫ్టులలో ఊదుకొలిమిని కాచు భిలాయి కార్మికునికి ఈ వచనము ఎవరును వివరింపనక్కరలేదు. కొలిమిని ఆర్పి ఇంటికి పోవుటకు వీలులేదు. ఒక వంతువాడు రాకముందు మరియొక వంతువాడు లేవరాదు.

అయితే వృత్తి అన్నపుడు కూడు అను ప్రశ్న వచ్చును. దీనిని మన ప్రసంగీకులు తప్పించుకొందురు. నెహెమ్యా రాజు సముఖమునకు వెళ్లి తిరిగి వచ్చి చూడగా, లేవీయులకు రావలసిన పాళ్లు ఇయ్యబడకపోయినందున సేవచేయు లేవీయులును గాయకులును తమ తమ పొలములకు పారిపోయియుండిరి (13:10). నెహెమ్యా గాయకులను గద్దింపలేదు, అధికారులను గద్దించెను. సువార్త గాయకుడు డబ్బు తీసికొనుచున్నాడని గొణుగు సంఘము మొదట ఈ వచనమును చదువవలెను. తన పాటను పండుగలకు, వివాహములకు, భూస్థాపనలకు ఉచితముగా వాడుకొని, గాయకుడు రోగియైనప్పుడు అతని గడప తొక్కని సంఘములు మనలో లేవా? పాళ్లు ఇయ్యని జనులు గాయకుని అంగడికి తరుముచున్నారు. అంగడిలో కాలుపెట్టిన తరువాత అంగడి ధర్మమునే అతడు నేర్చుకొనును.

ఇప్పుడు మన సొంత గాయకుని చూతము. భిలాయికి వలసవెళ్లిన కుటుంబములు ఏ నేలనుండి వెళ్లెనో ఆ కళింగాంధ్ర నేలమీదనే తెలుగు క్రైస్తవ కీర్తన వేళ్లూనుకొన్నది. 1805లో లండను మిషనరీ సొసైటీవారైన జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనువారు విశాఖపట్టణములో దిగిరి. ఆనందరాయరు అను బ్రాహ్మణ విశ్వాసి సాయముతో సువార్తల అనువాదము సాగెను. ఇద్దరు మిషనరీలును కొద్ది సంవత్సరములలోనే ఆ మట్టిలో కలిసిపోయిరి. గద్యము ముందు వచ్చినది. గద్యమునకు చదువరి కావలెను, చదువరులు స్వల్పము. అప్పుడు పురుషోత్తమ చౌదరి వచ్చెను. ఆయన 1803లో జన్మించి 1890లో మృతినొందెను. వంగదేశమునుండి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ వంశమువాడు, సంస్కృతము, ఒరియా, తెలుగు భాషలలో దిట్ట. 1833లో బాప్తిస్మము పొందెను. కులము పోయెను, బంధువర్గము విడిచెను. శ్రీకాకుళము, పర్లాకిమిడి, బరంపురము, కటకము ప్రాంతములలో అర్ధశతాబ్దమునకు పైగా సువార్త ప్రకటించుచు, నూటికి పైగా కీర్తనలు రచించెను.

ఆయన వృత్తి జీవితమును నేటి కొలతలతో కొలిచిన ఏమి మిగులును? రికార్డు లేదు, ఆయన కంఠము ఎట్లుండెనో విన్నవారు ఎవరును లేరు. ఆయన మరణించిన 12 సంవత్సరములకుగాని, అనగా 1902లోగాని, గ్రామఫోను కంపెనీవారు కలకత్తాలో మన దేశపు పాటను మైనపు పలకపై ఎక్కించలేదు. ఆయన విడిచిపెట్టినది ఒక్కటే, ఇతరుల నోట నిలిచిన పాట. అచ్చటి మిషనరీలు ఇంగ్లీషు బాణీలకు తెలుగు మాటలను అతికించిన కీర్తనలను అప్పటికే ఇచ్చుచుండిరి. అట్టివాటిని మన జనులు భక్తితో పాడిరి గాని, మాట ఒకవైపును రాగము ఒకవైపును లాగుచుండుట నేటికిని వినువారికి తెలియును. చౌదరిగారు పల్లవి, అనుపల్లవి, చరణములతో, రాగతాళములను నిర్దేశించి వ్రాసిరి. ఊరి భజనలో కూర్చుండినవాడు రెండవ మారు వినకముందే పల్లవి అందుకొనగలడు. అక్షరమెరుగని పాలేరు ఆ పల్లవిని పొలమునకు తీసికొనిపోగలడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో నేటికిని ప్రతి పాటపైన రాగము, తాళము అచ్చుపడుచున్నవి. మనవారిలో అనేకులు వాటిని చూడనే చూడరు. అది వేరే దుఃఖము.

నేను ఆయన కీర్తనలలో ముఖ్యముగా గమనించునది వాటిలోని బోధ. మనుష్యుని పాపము, క్రీస్తు మానవావతారము, సిలువ మరణము, ప్రాయశ్చిత్తము, కృప, తీర్పు, ఇవన్నియు అక్కడ కలవు. వేదాంత కళాశాలలో మేము రెండు సంవత్సరములు బోధించు విషయములు పల్లవి చరణములలో ఇమిడియున్నవి. పూర్వాశ్రమములో తాను వెదకిన మోక్షమునకును సిలువవలన పొందిన రక్షణకును గల భేదము ఆయనకు వెలపెట్టి తెలిసినది గనుక, ఆయన పాటలో నీరు కలియలేదు. గోతినుండి లేవనెత్తబడినవాని నోట ఉంచబడిన గీతమది. దాదాపు 200 సంవత్సరములు 'మన' అను మాటతో పాడబడుచున్నది.

అయితే, క్రొత్త పాట వద్దు, పాతదియే చాలునని నేను చెప్పుచున్నానని ఎవరును తలంచరాదు. చౌదరిగారి కీర్తన ఒక దినమున క్రొత్తదే. కీర్తనలు 33, 96, 98, 149 అధ్యాయములు క్రొత్త గీతము పాడుమని ఆజ్ఞాపించుచున్నవి. ఆజ్ఞను మీరుట భక్తి కాదు. గ్రీకు నిబంధనలో 'క్రొత్త' అనుటకు రెండు మాటలు కలవు. ప్రకటన 5:9లోని మాట నిన్న పుట్టినది అను అర్థమునకంటె, గుణములో వేరైనది, మునుపు లేని కార్యమునుబట్టి కలిగినది అను అర్థమును సూచించును. తేదీనిబట్టి క్రొత్తదైన ఆల్బము ఈ అర్థములో పాతదై యుండవచ్చును, 1850లో వ్రాయబడిన కీర్తన ఈ అర్థములో నేటికిని క్రొత్తదై యుండవచ్చును.

'ఆల్బము' అను మాటయే లాటినులో తెలుపు అని అర్థమిచ్చునది. రోములో ప్రభుత్వ ప్రకటనలను, పేర్లను వ్రాసి నలుగురు చూచునట్లు నిలుపు తెల్లని పలకకు ఆ పేరు. తరువాత అది తెల్లకాగితముల పుస్తకమైనది. నిమిషమునకు 78 తిరుగుళ్లు తిరుగు రికార్డుల కాలములో, ఒక్కొక్క ప్రక్కకు మూడు నాలుగు నిమిషముల పాట మాత్రమే పట్టెడిది గనుక, అనేక రికార్డులను సంచులుగల పుస్తకములో ఉంచి అమ్ముచు దానిని ఆల్బము అనిరి. జయించువానికి తెల్లరాతిమీద క్రొత్త పేరు వ్రాసి ఇత్తునని ప్రకటన 2:17లో ప్రభువు చెప్పుచున్నాడు. లాటిను మాటకును ఈ వచనమునకును సంబంధమేమియు లేదు, దీనిమీద సిద్ధాంతము కట్టరాదు. అయినను తన పేరు పెద్ద అక్షరములతో అట్టమీద చూచుకొను గాయకుడు, తాను తప్ప మరెవరును ఎరుగని ఆ పేరునుగూర్చి అప్పుడప్పుడు తలంచుట మేలు.

రికార్డు వ్యాపారములో నిలిచి, వృత్తిని సువార్తకు లోబరచిన గాయకులు లోకములో లేకపోలేదు. అమెరికా నల్లజాతివారిలో మహేలియా జాక్సన్ ఒకతె. 1911లో న్యూ ఆర్లియన్స్‌లో జన్మించి, యౌవనమున షికాగో చేరి, బట్టలుతికియు హోటలులో దాసీపని చేసియు జీవించి, తరువాత కేశాలంకరణ దుకాణము పెట్టుకొనెను. ఆమె పాటలో లయ అధికమని కొందరు పాదిరులు ఆక్షేపించిరి. ప్రక్కనుండి వ్యాపారస్థులు, ఆ కంఠముతో బ్లూస్ పాడిన ధనవంతురాలవగుదువని చెప్పుచువచ్చిరి. ఆమె ఒప్పుకొనలేదు. 1937లో చేసిన మొదటి రికార్డులు అంతగా అమ్ముడుపోలేదు. పది సంవత్సరముల తరువాత, 1947లో, మెంఫిస్ పట్టణపు బాప్తిస్టు పాదిరియైన హెర్బర్ట్ బ్రూస్టర్ రచించిన పాటను ఆమె పాడగా, అది ఒక ప్రక్క పట్టక రికార్డు రెండు ప్రక్కలకును పంచబడి 1948లో విడుదలయి లక్షలాదిగా అమ్ముడుపోయెను. గమనింపుడి, ఆ పాట రికార్డుకొరకు పుట్టలేదు. పాదిరి వ్రాసినది, ఆరాధనలో పాడుకొన్నది రికార్డునకు ఎక్కెను. 1963 ఆగస్టు 28న వాషింగ్టనులో మార్టిన్ లూథర్ కింగుగారి ప్రసంగమునకు ముందు ఆమె పాడెను. 1971లో మన దేశమునకును వచ్చి పాడెను. మరుసటి సంవత్సరము జనవరి 27న ప్రభువునందు నిద్రించెను.

ఆమెతో కలిసి ఊరూర తిరిగిన థామస్ డార్సీ కథ మరి విషాదకరము. అతడు మొదట బ్లూస్ వాయించినవాడు. 1932 ఆగస్టులో సెయింట్ లూయిస్ పట్టణపు సభలలో ఉండగా, ప్రసవములో భార్య మరణించెనని తంతి వచ్చెను. పుట్టిన బిడ్డయు వెంటనే పోయెను. ఇక దేవునికొరకు పాడనని అతడు మొరాయించెను. కొద్ది దినములకు పియానో యెదుట కూర్చుండగా, అలసిపోయితిని, చేయి పట్టి నడిపించుమని ప్రభువును వేడుకొను పాట అతని వ్రేళ్లనుండి వచ్చెను. 1968 ఏప్రిలులో కింగుగారి సమాధి కార్యక్రమములో మహేలియా ఆ పాటనే పాడెను. భార్యను బిడ్డను పోగొట్టుకొన్న ఒక మనుష్యుని మూలుగు, 36 సంవత్సరముల తరువాత ఒక జాతి అంతటికి ఏడ్చుటకు మాటలనిచ్చెను.

ఇక్కడ మరల భిలాయికి రావలసియున్నది. గోతి అను మాట అచ్చట అలంకారము కాదు. 2014 జూను 12న విషవాయువు వెలువడి ఆ కర్మాగారములో ఆరుగురు మరణించిరి. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ల వాయుగొట్టము ప్రేలి పదిమందికి పైగా కాలి చనిపోయిరి. అట్టి దినమున ఒక కార్మికుని ఇంటిముందు జనులు కూడినప్పుడు ఏ పాట ఎత్తుదురు? గడచిన పది సంవత్సరములలో విడుదలైన క్రొత్త పాటలను నేను శ్రద్ధగా విన్నాను. చక్కనివి కలవు, కొన్నింటిలో కవిత్వమును వాక్యమును కలిసి నడచుచున్నవి. అయితే అనేక పాటలలో గాయకుడు తన హెచ్చింపును, తన ఆశీర్వాదమును, తన శత్రువుల యెదుట తనకు కలిగిన ఘనతను పాడుచున్నాడు. గోతి ఒక్క పంక్తిలో ముగియును, బండ మిగిలిన పాటయంతయు ఆక్రమించును. 'నా' అను మాట చివరివరకు 'మన' అను మాటగా మారదు. ఆ పాటలను ఆ ఇంటిముందు పాడగలమా? సమాధియొద్ద నోరు తెరువలేని పాటను విడుదల సభలో తెరచి లాభమేమి?

కీర్తన 40 ఈ విషయములో మనలను మోసగింపదు. క్రొత్త గీతముతో అది ముగిసిన యెడల ఎంతో అనుకూలముగా నుండెడిది. ముగియలేదు. 12వ వచనమునకు వచ్చుసరికి లెక్కలేని అపాయములు అతని చుట్టుకొనెను, తలవెండ్రుకలకంటె అధికమైన దోషములు తరిమి పట్టుకొనెను, హృదయము అధైర్యపడెను. చివరి వచనములు మరల మొఱ్ఱయే. అవియే కీర్తన 70గా వేరుగను పాడబడుచున్నవి. విమర్శకులలో కొందరు ఇవి రెండు వేర్వేరు కీర్తనలని, ఎవరో అతికించిరని చెప్పుదురు. కావచ్చును. అతికించినవాడు మాత్రము జీవితము నెరిగినవాడు. క్రొత్త గీతము పాడినవాడు మరల గోతియొద్దనే నిలువబడియున్నాడు. తాను ఆలస్యము చేయవద్దని దేవుని బ్రతిమాలుకొనుచున్నాడు.

కావున గాయకులకు ఒక మనవి, సంఘములకు ఒక మనవి. గాయకులారా, పది పాటలలో సిలువనుగూర్చి, పశ్చాత్తాపమునుగూర్చి, మరణమునుగూర్చి, పొరుగువానినిగూర్చి ఎన్ని కలవో విడుదలకు ముందు లెక్కించుకొనుడి. మాటలను బోధకునికి చూపుడి. వెండినుండి మష్టు తీసివేయవలెనని సామెతల గ్రంథము చెప్పుచున్నది. ఇనుమునుండి మష్టును తీయుట ఎంత వేడిలో జరుగునో ఉక్కు పట్టణమువారిని అడుగుడి. సంఘములారా, యంత్రము పాడుచుండగా నోరుమూసికొని కూర్చుండుట ఆరాధన కాదు. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చు సహోదరుడు చెవిలో ఆ పాట పెట్టుకొని నడచిన యెడల అది అతనికి దేవుని దయయే. దానిని నేను ఆక్షేపింపను. ఆదివారమున మాత్రము అతని స్వరము వినబడవలెను, బొంగురుగా నున్నను సరే. మన బిడ్డలకు తెలుగు లిపి రాని చోట పాటను వారి లిపిలో శుద్ధముగా వ్రాసి ఇచ్చుట, అర్థము చెప్పుట, పిమ్మట తెలుగు అక్షరములు నేర్పుట పెద్దల పని. ఆల్బము కొనియిచ్చుటతో అది తీరదు.

హెబ్రీ పత్రిక కర్త ఈ కీర్తన 40లోని మాటలను తీసికొని, లోకములోనికి వచ్చుచున్న క్రీస్తు పలికిన మాటలుగా 10వ అధ్యాయములో వ్రాసియున్నాడు. అంతకుముందు 2:12లో, కీర్తన 22ను ఎత్తి, సమాజము మధ్య నిలిచి తండ్రిని కీర్తించువాడు క్రీస్తేయని చెప్పియున్నాడు. అట్లయిన ప్రధానగాయకుడు ఆయనయే. మన గాయకులందరు ఆయన బృందములోని వంతులవారు. ఆయన పాడెనని సువార్తలలో కనబడునది ఒక్క రాత్రియే (మత్తయి 26:30, మార్కు 14:26). పస్కా భోజనమున యూదులు పాడుకొను కీర్తనలు 113 మొదలు 118 వరకు గలవి గనుక, అవే పాడియుందురని వ్యాఖ్యాతలు చెప్పుదురు. అది క్రొత్త పాట కాదు, ఆయన మాటలు కావు. తన పితరుల పాత పాటను పదునొకండుగురు మనుష్యులతో కలిసి పాడి, ఆయన ఒలీవల కొండకు బయలుదేరెను. గోతి ఇంకను ఎదుట నుండెను.

క్రొత్త గీతము ప్రకటన 5లో వినబడుచున్నది. వధింపబడి, ప్రతి వంశములోను ప్రతి భాషలోను ఉన్న మనుష్యులను తన రక్తముతో కొన్నాడని ఆ గీతము ఆయననుగూర్చి పాడుచున్నది. పాడుచున్న పెద్దలు 24 మంది. దావీదు గాయకుల వంతులును అన్నియే. వారి చేతులలో వీణలున్నవి, వీణలతోకూడ ధూపద్రవ్యములతో నిండిన సువర్ణ పాత్రలున్నవి. ఆ ధూపము పరిశుద్ధుల ప్రార్థనలని యోహాను చెప్పుచున్నాడు. ఆ ప్రార్థనలు ఏ భాషలో చేయబడినవో, ఏ లిపిలో వ్రాసికొనబడినవో అతడు చెప్పలేదు.